గుంట కన్నా ఎగిరిపడ్డ రాయే ఎక్కువ చెబుతుంది: ఎజెక్టాపై తరచుగా అడిగే ప్రశ్నలు

మహారాష్ట్రలో ఉల్క తవ్విన గుంటలోని లోనార్ సరస్సు మాట వచ్చినా, గ్రహశకలాన్ని గుద్దిన నాసా డార్ట్ నౌక మాట వచ్చినా, ప్రశ్నలు దాదాపు ఒకేలా ఉంటాయి. అందుకే వాటిని ఒకచోట చేర్చాను. గుద్దుడు వల్లో, పేలుడు వల్లో, షాక్ తరంగం వల్లో ఎగజిమ్మిన రాళ్లు, ధూళి, కరిగిన గాజు బిందువులు, ఆవిరి అన్నిటినీ కలిపి శాస్త్రవేత్తలు ఎజెక్టా అంటారు. చూసేవాళ్ల కళ్లు గుంట మీదే నిలుస్తాయి గానీ, దెబ్బ ఎంత బలమైనదో, ఏ లోతు నుంచి ఏమి బయటికొచ్చిందో, దాని వల్ల ఎవరికి ముప్పో తేల్చేది ఎజెక్టానే. ఏ ప్రశ్న కావాలంటే ఆ ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోవచ్చు.

## దెబ్బ తగిలిన క్షణం

ఆకాశం నుంచి రాయి పడితే నేలలో దిగబడాలి కదా, బాంబు పేలినట్టు ఎందుకు అవుతుంది?

వేగం వల్ల. గ్రహశకలాలు భూమి వైపు సెకనుకు కనీసం 11 కి.మీ., సగటున 20 కి.మీ. వేగంతో దూసుకొస్తాయి. సెకనుకు 3 కి.మీ. వేగంతో పోయే కిలో రాయిలోనే కిలో టీఎన్‌టీ పేలుడు పదార్థానికి సమానమైన శక్తి ఉంటుంది. వేగం రెట్టింపైతే శక్తి నాలుగింతలవుతుంది కాబట్టి 20 కి.మీ. వేగం దగ్గర ఆ కిలో రాయే దాదాపు 50 కిలోల టీఎన్‌టీతో సమానం. ఆ శక్తంతా రెప్పపాటులో రాతిలోకి దిగుతుంది. గుద్దిన రాయి చాలావరకు కరిగిపోతుంది, ఆవిరైపోతుంది.

చిన్న ఉల్కల కథ వేరు. గాలి రాపిడికి వాటి వేగం దాదాపు పూర్తిగా తగ్గిపోతుంది. అవి మామూలు రాళ్లలాగే పడి నేలలో దిగబడతాయి.

కిందికి గుద్దితే రాయి కిందికే పోవాలి. పైకీ పక్కలకీ ఎందుకు ఎగురుతుంది?

గుద్దిన చోటి నుంచి షాక్ తరంగం, అంటే విపరీతమైన ఒత్తిడి అల, అర్ధగోళంలా అన్ని వైపులకీ పాకుతుంది. దాని ఒత్తిడికి రాయి నలిగిపోయి, బయటి వైపు కదలడం మొదలుపెడుతుంది. నేల ఉపరితలం దగ్గర మాత్రం పైన అడ్డేమీ లేదు. ఒత్తిడి అక్కడ నిలవలేదు. అందుకే ఉపరితలం నుంచి వెనక్కి ఒక సడలింపు తరంగం బయల్దేరి, నలిగిన రాయిని వదులు చేస్తుంది. ఒత్తిడి పోయినా రాయిలో కొంత వేగం మిగిలిపోతుంది. పైకి తిరిగిన ఆ మిగులు వేగమే గుంటను తవ్వుతుంది. గుంట విచ్చుకునే సమయానికి గుద్దిన వస్తువు రూపమే ఉండదు. గుంట వ్యాసం ఆ వస్తువు వ్యాసానికి 10 నుంచి 20 రెట్లు ఉండటానికి కారణం ఇదే.

ఏటవాలుగా పడితే గుంట కోలగా రావాలి. చంద్రుడి మీద దాదాపు అన్నీ గుండ్రంగానే ఎందుకు ఉన్నాయి?

గుంటను తవ్వేది షాక్ తరంగం. అది అన్ని వైపులకీ సమానంగా పాకుతుంది కాబట్టి, బాగా పల్చటి కోణంలో గుద్దితే తప్ప గుంట గుండ్రంగానే వస్తుంది. రాయి ఏ దిక్కు నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకునేది ఎజెక్టా. ఏటవాలు పెరిగేకొద్దీ వచ్చిన వైపు ఎజెక్టా తగ్గిపోతుంది, పోయే వైపు పెరుగుతుంది. నేలకు 15 డిగ్రీలకన్నా తక్కువ కోణంలో గుద్దితే ముందూ వెనకా ఖాళీగా ఉండి, రెండు పక్కలా సీతాకోకచిలుక రెక్కల్లా పరుచుకుంటుంది.

అణుపరీక్ష గుంటలకీ ఉల్క గుంటలకీ సంబంధం ఏమిటి?

ఒకదాన్ని చూసే రెండోదాన్ని గుర్తుపట్టారు. అమెరికాలోని నెవాడా పరీక్షా స్థలంలో అణుబాంబులు తవ్విన గుంటల అంచులను భూగర్భ శాస్త్రవేత్త యూజీన్ షూమేకర్ పరిశీలించారు. అంచు దగ్గర పొరలు పైకి లేచి బోర్లాపడటం చూశారు. అరిజోనాలోని బారింజర్ గుంటలోనూ అదే అమరిక కనిపించింది. 1960లో అక్కడే కోయసైట్ అనే ఖనిజం దొరికింది. విపరీతమైన ఒత్తిడిలో తప్ప క్వార్ట్జ్ కోయసైట్‌గా మారదు. ఆ గుంట అగ్నిపర్వతానిదన్న వాదన దాంతో నిలబడలేకపోయింది.

మానవుడు పేలుడుతో చేసిన అతిపెద్ద గుంటల్లో ఒకటి 1962 జులై 6న జరిగిన సెడాన్ పరీక్షది. 104 కిలోటన్నుల బాంబును సుమారు 194 మీటర్ల లోతున పేల్చారు. 390 మీటర్ల వెడల్పు గుంట పడి, కోటి టన్నులకు పైగా మట్టి పైకి లేచింది. కాలువలు, ఓడరేవులు తవ్వడానికి అణుబాంబు పనికొస్తుందా అని చూడటం దాని ఉద్దేశం. లేచిన మట్టితోపాటు రేడియోధార్మిక ధూళి గాలివాటున చాలా దూరం పోయింది. ఎజెక్టాను లెక్కలోకి తీసుకోని ఆలోచన ఎంత ప్రమాదకరమో చెప్పడానికి నాకు ఇంతకన్నా పెద్ద ఉదాహరణ కనిపించదు.

## గాల్లో ఉన్నప్పుడు

ఎగిరిన రాళ్లన్నీ ఒకే వేగంతో పోతాయా?

పోవు. గుద్దిన చోటికి దగ్గరున్నవి ముందుగా, అతి వేగంగా ఎగురుతాయి. గుంట పెరిగేకొద్దీ బయల్దేరే రాళ్ల వేగం తగ్గుతూ పోతుంది. చివర్లో అంచు దగ్గరి రాయి దాదాపు దొర్లిపడినట్టే బయటికొస్తుంది. ఎక్కువ భాగం నేలకు 45 డిగ్రీలకు అటూఇటూగా బయల్దేరడం వల్ల, పక్క నుంచి చూస్తే గరాటు ఆకారంలో ఒక తెర విచ్చుకుంటూ పోతున్నట్టు కనిపిస్తుంది. దీన్నే ఎజెక్టా తెర అంటారు. తెరలో ప్రతి రాయీ తన దారిన తాను ఎగురుతున్నా, మొత్తం తెర ఒకే గోడ కదులుతున్నట్టు ఉంటుంది.

చంద్రుడి మీద ఎజెక్టా అంత దూరం ఎలా పోయింది?

అక్కడ గాలి లేదు, గురుత్వం భూమిలో ఆరో వంతు. సెకనుకు 100 మీటర్ల వేగంతో 45 డిగ్రీల కోణంలో ఎగిరిన రాయి చంద్రుడి మీద 6 కి.మీ. దాటి పడుతుంది. భూమ్మీద, గాలి అడ్డుకోకపోయినా, సుమారు కిలోమీటరే. సెకనుకు 2.4 కి.మీ. దాటితే ఇక చంద్రుడి మీద పడదు, అంతరిక్షంలోకి పోతుంది.

పున్నమి నాడు చంద్రుడి దక్షిణ భాగంలో ఒక తెల్లటి చుక్క, దాని నుంచి నలుదిక్కులా పోయే తెల్లటి చారలు కనిపిస్తాయి. ఆ చుక్క టైకో గుంట, వ్యాసం 85 కి.మీ. చారలు దాని ఎజెక్టా. కొన్ని 1,500 కి.మీ. దాటి పోయాయి. మామూలు బైనాక్యులర్ చాలు, చూసి తీరండి.

అంగారకుడి రాయి భూమ్మీద పడిందంటారు. అంత వేగంతో ఎగిరితే కరిగిపోదా?

ఈ అనుమానం శాస్త్రవేత్తలనూ చాలాకాలం వేధించింది. అంగారకుడిని వదిలి పోవాలంటే సెకనుకు 5 కి.మీ. వేగం కావాలి. షాక్‌తోనే అంత వేగం వస్తే రాయి కరిగిపోవాలి. గ్రహ శాస్త్రవేత్త జే మెలోష్ దీనికి దారి చూపించారు. నేల ఉపరితలానికి అతి దగ్గరున్న పల్చటి పొరలో షాక్ తరంగమూ సడలింపు తరంగమూ దాదాపు ఒకేసారి కలుస్తాయి. అక్కడ ఒత్తిడి పూర్తిగా పెరగదు, వేగం మాత్రం బాగా వస్తుంది. పొర పెచ్చులుగా ఊడి, పెద్దగా నలగకుండానే ఎగిరిపోతుంది.

అలాంటి రాయి ఒకటి 1865 ఆగస్టు 25న బిహార్‌లోని షేర్‌ఘాటీలో పడింది. ఈ రకం ఉల్కలన్నిటికీ షెర్గొటైట్లు అన్న పేరు ఆ ఊరి నుంచే వచ్చింది. అంటార్కిటికాలో దొరికిన మరో షెర్గొటైట్‌లో చిక్కుకున్న వాయువులు, 1976లో వైకింగ్ నౌకలు అంగారకుడి మీద కొలిచిన గాలితో సరిపోయాయి. వాటి పుట్టిల్లు అలా తేలింది.

డైనోసార్లను చంపింది గుద్దుడా, లేచిన ధూళా?

గుద్దుడు దగ్గరలోని వాటిని చంపింది. ప్రపంచమంతటినీ ముంచింది ఎజెక్టా. 6.6 కోట్ల ఏళ్ల కిందట మెక్సికోలోని చిక్షులుబ్ దగ్గర పడ్డ గ్రహశకలం 180 కి.మీ. దాకా వెడల్పున్న గుంట చేసింది. అక్కడి నేలలో గంధకం ఉన్న రాయి పొరలు ఎక్కువ. ఆ గంధకం, సన్నటి రాతి ధూళి, మసి ఆకాశాన్ని కప్పేసి సూర్యకాంతిని ఆపాయి. మొక్కలు పోయాయి, వాటి మీద బతికేవి పోయాయి. అంతరిక్షం అంచుదాకా పోయిన గాజు బిందువులు తిరిగి పడుతూ గాలిని వేడెక్కించి అడవులను అంటించాయన్న వాదన కూడా ఉంది. ఆ వేడి తీవ్రత ఎంతన్నదానిపై ఇంకా ఏకాభిప్రాయం లేదు.

దీన్ని పట్టిచ్చింది గుంట కాదు. 1980లో లూయిస్ అల్వారెజ్, వాల్టర్ అల్వారెజ్, ఫ్రాంక్ అసారో, హెలెన్ మిషెల్ ఇటలీలోని గుబ్బియో దగ్గర ఒక సన్నటి బంకమట్టి పొరలో, భూమి పైపొరల్లో అరుదుగా, గ్రహశకలాల్లో ఎక్కువగా ఉండే ఇరిడియం లోహం మామూలుకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉందని ప్రకటించారు. అప్పటికి ఆ గుంటకీ ఈ పొరకీ ముడిపెట్టినవాళ్లు లేరు.

## నేల మీద పడ్డాక

గుంట అంచు దగ్గర పొరలు తలకిందులుగా ఉంటాయంటారు, నిజమేనా?

నిజమే. గుంట అంచు దగ్గరి నేల దోసె తిరగేసినట్టు బయటికి మడతపడుతుంది. అందుకే లోతుగా ఉన్న పాత పొర పైకి, పైన ఉన్న కొత్త పొర కిందికి వస్తాయి. సుమారు 50,000 ఏళ్ల కిందట ఏర్పడిన 1.2 కి.మీ. వెడల్పు బారింజర్ గుంటలో ఇది చక్కగా కనిపిస్తుంది. ఎజెక్టా మందం అంచు దగ్గర అత్యధికం. గుంట కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే మందం సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది.

ఎజెక్టాలో ఎంత లోతు రాయి బయటికొస్తుంది?

అనుకున్నంత లోతు నుంచి రాదు. గుంట మొదట తెరుచుకున్నప్పటి వ్యాసంలో పదో వంతు లోతు దాకా ఉన్న రాయే బయటికి ఎగురుతుంది. అంతకన్నా కిందిది లోపలికీ పక్కకీ నెట్టుకుపోతుంది. చిన్న గుంటలు పైపొరనే చూపిస్తాయి, మహా గుంటలు గ్రహం లోపలి పొట్టను చూపిస్తాయి.

చంద్రయాన్-3 ఫలితాల్లో ఇది అక్కరకొచ్చింది. సుమారు 2,500 కి.మీ. వెడల్పున్న దక్షిణధ్రువ-ఐట్కెన్ మహా గుంట అంచుకు దాదాపు 350 కి.మీ. దూరంలో విక్రమ్ దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ కొలిచిన మట్టిలో మెగ్నీషియం ఊహించిన దానికన్నా ఎక్కువుంది. ఆ మహా గుంట ఏర్పడినప్పుడు లోతుల నుంచి ఎగిరొచ్చిన పదార్థం అందులో కలిసిందని 2024లో ప్రచురించిన పరిశోధనలో వివరించారు. డ్రిల్లు అక్కర్లేకుండా చంద్రుడి లోతుల మట్టి చేతికందింది.

టెక్టైట్లు అంటే ఉల్కలేనా?

కావు. అవి భూమి మట్టే. గుద్దుడుకి కరిగి, ఎగిరి, గాల్లోనే గడ్డకట్టిన గాజు. జర్మనీలోని 24 కి.మీ. రీస్ గుంట నుంచి ఎగిరిన ఆకుపచ్చ గాజు ముక్కలు వందల కిలోమీటర్ల అవతల చెక్ దేశంలో దొరుకుతాయి. వాటిని మోల్డవైట్లు అంటారు. దాదాపు 7.9 లక్షల ఏళ్ల కిందటి మరో గుద్దుడు ఆగ్నేయాసియా నుంచి ఆస్ట్రేలియా, హిందూ మహాసముద్రం, అంటార్కిటికా దాకా గాజు చల్లింది. ఆన్‌లైన్లో మోల్డవైట్ పేరుతో అమ్మే రాళ్లలో నకిలీలు చాలా ఉంటాయి, కొనేముందు తెలిసినవాళ్లకు చూపించండి.

ఎగిరిపడ్డ రాళ్లు కూడా గుంటలు చేస్తాయా?

చేస్తాయి, వాటిని ద్వితీయ గుంటలు అంటారు. అంగారకుడి మీద 10 కి.మీ. వెడల్పున్న జునిల్ అనే ఒక్క గుంట నుంచి ఎగిరిన రాళ్లు కోటి దాకా చిన్న గుంటలు చేశాయని అంచనా. గుంటలు లెక్కపెట్టి నేల వయసు కట్టేవాళ్లకు ఇది పెద్ద చిక్కు.

## ప్రయోగశాలలో

ఇంత వేగాన్ని ల్యాబులో ఎలా పుట్టిస్తారు?

లైట్ గ్యాస్ గన్‌తో. ముందు తుపాకిమందు పేల్చి ఒక పిస్టన్‌ను తోస్తారు. పిస్టన్ హైడ్రోజన్‌ను విపరీతంగా అణిచిపెడుతుంది. ఒత్తిడి తట్టుకోలేక ఒక పల్చటి లోహపు బిళ్ల చిరిగిపోగానే, ఆ హైడ్రోజన్ చిన్న గోళీని ముందుకు విసురుతుంది. తేలికైన వాయువు కాబట్టే అంత వేగం సాధ్యం. కాలిఫోర్నియాలో నాసా ఏమ్స్ కేంద్రంలోని నిలువు గన్ గోళీలను సెకనుకు 7 కి.మీ. దాకా విసరగలదు. అపోలో రోజుల్లో డొనాల్డ్ గాల్ట్ దీన్ని నడిపించారు. గన్ కోణం మార్చవచ్చు గానీ ఇసుక తొట్టెను పక్కకి వంచితే ఇసుక జారిపోతుంది. అందుకే గన్నే వంగేలా కట్టారు. లేజర్ వెలుగును పల్చటి రేకులా పరిచి, ఎగిరే రేణువుల కదలికను ఫొటోల్లో కొలుస్తారు.

చిన్న తొట్టెలో చేసిన ప్రయోగం కిలోమీటర్ల గుంటకు ఎలా వర్తిస్తుంది?

నేరుగా వర్తించదు. చిన్న గుంట పెరగకుండా ఆపేది నేల గట్టిదనం. పెద్ద గుంటను ఆపేది గురుత్వం. ఏది ఎక్కడ పైచేయి అవుతుందో తెలియాలి. కీత్ హోల్సాపుల్, కెవిన్ హౌసెన్, రాబర్ట్ ష్మిట్ 1980ల్లో ఈ లెక్కలకు సూత్రాలు కట్టారు. తొట్టెను సెంట్రిఫ్యూజ్‌లో తిప్పుతూ భూమికి వందల రెట్ల గురుత్వంలో గుంటలు చేసి చూశారు. గురుత్వాన్ని పెంచితే, చిన్న పేలుడే చాలా పెద్ద పేలుడులా ప్రవర్తిస్తుంది.

లోహపు పలక వెనక షాక్ ఇస్తే ముందు వైపు నుంచి ధూళి లేస్తుందట, ఎందుకు?

ఎంత నున్నగా కనిపించినా లోహం మీద లేత్ మిషన్ వదిలిన సన్నటి గాట్లు ఉంటాయి. షాక్ తరంగం వెనక నుంచి వచ్చి ఉపరితలాన్ని తాకగానే గాడి తలకిందులై, లోపలున్న లోహం సూదిలాంటి ధారగా ముందుకు చిమ్ముతుంది. దీన్ని రిచ్ట్‌మైర్-మెష్కోవ్ అస్థిరత అంటారు. రాబర్ట్ రిచ్ట్‌మైర్ 1960లో లెక్కగట్టారు, యెవ్గెనీ మెష్కోవ్ 1969లో ప్రయోగంలో చూపించారు. షాక్‌కి లోహం కరిగితే చిమ్మే పదార్థం ఒక్కసారిగా పెరుగుతుంది. తగరం త్వరగా కరుగుతుంది కాబట్టి ఈ పరిశోధనల్లో దాన్ని ఎక్కువగా వాడతారు.

మైక్రోమీటర్ల రేణువుల బరువు కొలవడం ఎలా? జేమ్స్ అసే 1970ల్లో తేలికైన దారి కనిపెట్టారు. ఎదురుగా ఒక పల్చటి లోహపు రేకు పెడతారు. రేణువులు తగిలి రేకు ఎంత వేగంతో కదిలిందో చూసి, ఎంత బరువు తగిలిందో కడతారు. ఇప్పుడు లేజర్ వేగమాపకాలు, ఎక్స్‌రే, ప్రోటాన్ చిత్రాలు కూడా వాడుతున్నారు.

## అంతరిక్షంలో

డార్ట్ చిన్న నౌకే కదా, గ్రహశకలాన్ని అంతగా ఎలా కదిలించింది?

ఎజెక్టా సాయంతో. 2022 సెప్టెంబర్ 26న సుమారు 580 కిలోల డార్ట్ సెకనుకు 6.1 కి.మీ. వేగంతో డైమోర్ఫోస్‌ను గుద్దింది. అది డిడిమోస్ అనే పెద్ద గ్రహశకలం చుట్టూ తిరిగే, దాదాపు 150 మీటర్ల వెడల్పున్న రాళ్ల గుట్ట. నౌక ఇచ్చిన తోపు ఒకటైతే, రాళ్లు వెనక్కి ఎగురుతూ ఇచ్చిన ఎదురుతోపు అంతకన్నా ఎక్కువ. రెండూ కలిపితే నౌక ఒక్కదాని తోపుకు సుమారు 3.6 రెట్లని అంచనా. ఈ నిష్పత్తిని బీటా అంటారు. 11 గంటల 55 నిమిషాల కక్ష్యాకాలం అరగంటకు పైగా తగ్గింది. 73 సెకన్లు తగ్గినా చాలనుకున్న ప్రయోగమది.

లేచిన ధూళి వేల కిలోమీటర్ల తోకగా సాగింది. హబుల్ టెలిస్కోప్ పక్కనే తేలుతున్న 37 బండరాళ్లను గుర్తించింది. గట్టి బండరాయి లాంటి గ్రహశకలమైతే ఎజెక్టా తక్కువ లేచి, బీటా కూడా తగ్గవచ్చు. రేపు నిజంగా భూమి వైపు వచ్చేదాన్ని తప్పించాలంటే ఈ తేడా తెలిసి తీరాలి. అందుకే ఐరోపా హెరా నౌకను 2024 అక్టోబర్‌లో అక్కడికి పంపింది.

గుద్దాక గుంట ఫొటో ఎందుకు దొరకదు?

ధూళి కప్పేస్తుంది. 2005 జులై 4న నాసా నౌక డీప్ ఇంపాక్ట్ వదిలిన 370 కిలోల గుండు టెంపెల్-1 తోకచుక్కను గుద్దితే, లేచిన ధూళి తెరిపినివ్వక గుంట కనబడనే లేదు. 2011లో మరో నౌక వెళ్లి చూడాల్సొచ్చింది. జపాన్ నౌక హయబుసా-2 జాగ్రత్తపడింది. 2019 ఏప్రిల్‌లో ర్యుగూ గ్రహశకలం మీదికి 2 కిలోల రాగి గుండు పేల్చేముందు చిన్న కెమెరాను విడిగా వదిలి, తాను గ్రహశకలం చాటుకి వెళ్లిపోయింది. ఎజెక్టా తెర లేవడం ఆ కెమెరాలో పడింది. తర్వాత తిరిగొచ్చి చూస్తే 10 మీటర్లు దాటిన గుంట ఉంది.

చంద్రయాన్-3 దిగినప్పుడు కూడా ఎజెక్టా లేచిందా?

లేచింది. అక్కడ షాక్ లేదు, ఇంజిన్ల నుంచి వచ్చిన వాయువే మట్టిని ఊదేసింది. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం శాస్త్రవేత్తలు చంద్రయాన్-2 కెమెరా తీసిన ముందు, తర్వాత ఫొటోలను పోల్చారు. సుమారు 2.06 టన్నుల మట్టి 108.4 చదరపు మీటర్ల మేర చెదిరిందని లెక్కతేల్చారు. ల్యాండర్ చుట్టూ అది తెల్లటి వలయంలా కనిపించింది.

ఇది ఊరికే కుతూహలం కోసం కాదు. 1969లో అపోలో-12 దిగినప్పుడు సుమారు 160 మీటర్ల దూరంలో పాత సర్వేయర్-3 నౌక ఉంది. దాని భాగాలను భూమికి తెచ్చి చూస్తే ధూళి గీరిన గుర్తులు కనిపించాయి. రేపు చంద్రుడి మీద పక్కపక్కనే నౌకలు దిగాలంటే ఈ లెక్కే ఆధారం.

## మన చుట్టుపక్కల

ఆంధ్రలో అగ్నిపర్వత బూడిద ఉందంటారు, ఎక్కడిది?

ఇండోనేషియాలోని టోబా అగ్నిపర్వతానిది. సుమారు 74,000 ఏళ్ల కిందట అది పేలినప్పుడు లేచిన బూడిద నంద్యాల జిల్లా జ్వాలాపురం దగ్గర జుర్రేరు లోయలో మేట వేసింది. ఆ పొర కిందా పైనా ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికాయి. రెండూ పోలి ఉండటాన్ని చూపించి, ఆ ఉపద్రవాన్ని ఇక్కడి జనం తట్టుకున్నారని తవ్వకాలు జరిపిన పరిశోధకులు 2007లో వాదించారు. ఇంత విలువైన పొరను ఇటుకలకో, పొడికో తవ్వుకుపోకుండా కాపాడాలి.

క్వారీలో బ్లాస్టింగ్ చేసినప్పుడు రాళ్లు ఊళ్లోకి వస్తున్నాయి. అదీ ఇలాంటిదేనా?

మూలం ఒక్కటే. షాక్ రాయిని చీలుస్తుంది, పేలుడు వాయువు బలహీనంగా ఉన్న వైపు నుంచి తప్పించుకుంటూ రాళ్లను విసురుతుంది. రంధ్రం ముందున్న రాయి మందం తక్కువైనా, రంధ్రం మూతిలో మట్టి సరిగ్గా కూరకపోయినా, రాతిలో పగులో మట్టి సందో ఉన్నా, మందు ఎక్కువైనా రాళ్లు దూరం ఎగురుతాయి. బొగ్గు ఓపెన్‌కాస్టులకు 2017 నిబంధనల ప్రకారం పేల్చే చోటు నుంచి 500 మీటర్లు ప్రమాద పరిధి. సైరన్ మోగితే ఫోన్లో వీడియో తీయడానికి ఆగకండి. పైకప్పు గట్టిగా ఉన్న చోటికి వెళ్లండి. రాళ్లు పడితే పడిన చోటు, సమయం, పేలుడు దిక్కు రాసి ఫొటోతో సహా ఫిర్యాదు చేయండి. ఎక్కడ పడిందో తెలిస్తే ఏ రంధ్రం నుంచి ఎంత వేగంతో వచ్చిందో నిపుణులు వెనక్కి లెక్కగట్టగలరు.

లోనార్ వెళ్తే ఎజెక్టా చూడొచ్చా?

చూడొచ్చు. మహారాష్ట్రలోని బుల్ఢాణా జిల్లాలో దక్కన్ బసాల్ట్‌లో పడ్డ ఈ 1.8 కి.మీ. గుంట, చంద్రుడి గుంటలకు భూమ్మీద దొరికే అరుదైన పోలిక. ఎందుకంటే చంద్రుడి మైదానాలూ బసాల్టే. వచ్చినవాళ్లు తిన్నగా సరస్సు దగ్గరికి దిగిపోతారు. ముందు అంచు మీద నిదానంగా నడవండి. లోపలి గోడలో లావా పొరలు ఒకదాని మీద ఒకటి కనిపిస్తాయి. అంచు దగ్గర అవి పైకి లేచి ఉంటాయి. అంచు నుంచి బయటి వైపు సుమారు 1.3 కి.మీ. దాకా ముక్కలై కలిసిపోయిన బసాల్ట్ పరుచుకుని ఉంది, అదే ఎజెక్టా. పొలాల కింద చాలాభాగం పోయింది, అంచు పక్క కోతల్లో మిగిలింది. ఇది వన్యప్రాణి అభయారణ్యం, 2020 నుంచి అంతర్జాతీయ గుర్తింపున్న రామ్‌సర్ చిత్తడి నేల కూడా. రాళ్లు ఏరుకురావద్దు, ఫొటో తీసుకోండి. పక్కన కొలతకి పెన్నో నాణెమో పెడితే ఆ ఫొటో చదువుకునేవాళ్లకు పనికొస్తుంది.